నిద్ర కోసం చేసిన దొంగతనం

బేకరీలో బట్టీ దగ్గర పని కాబట్టి వీధిలో పిల్లలందరికీ అతను బన్నుమామ. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయి, చివరికి భార్య కూడా కోపం వస్తే "ఓ బన్నుమామా!" అనే కేకేసేది. ఊరు ఇంకా ముసుగు తన్ని పడుకునుండగానే అతను బట్టీ రాజెయ్యాలి. పిండి పొంగిందో లేదో వేలు గుచ్చి చూడాలి. రేకులు లోపలికి తొయ్యాలి, బయటికి లాగాలి. కొట్టు తలుపులు తీసే వేళకి అరలన్నీ నిండాలి. మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఇంత తిని, సాయంత్రం వెలుతురు ఉండగానే పడుకోవాలి. లేకపోతే మర్నాడు బట్టీ ముందు తూలిపోతాడు. ఒకసారి అలా తూలే మోచెయ్యి కాల్చుకున్నాడు. అందుకే నిద్ర అతనికి సుఖం కాదు, పనిముట్టు.

ఆ నిద్ర మీదికి ట్రంపెట్ వచ్చి పడింది.

అతనికి ఒక్కతే కూతురు. పిచ్చుక అని పిలిచేవాడు. గలగలలాడేదని కాదు, పిచ్చుకకున్నంత గొంతు కూడా లేదని ఎగతాళి. నోట్లో నాలుక లేని పిల్ల. క్లాసులో హాజరు పలికితే పక్కనున్న పిల్లకి మాత్రమే వినపడేది. అలాంటిది తొమ్మిదో తరగతిలో ఉన్నట్టుండి స్కూలు బ్యాండులో చేరింది. ఎందుకు చేరావే అంటే, "ఊదితే చాలు నాన్నా, మాట్లాడక్కర్లేదుగా" అంది.

మేడ మీద రెండు గదుల ఇల్లు. మధ్యలో తలుపు లేదు, తెర ఉంది. ఆ తెరకి ఇవతల అతని మంచం, అవతల పిచ్చుక సాధన. పాపం ట్రంపెట్ మూతిలో తువ్వాలు కుక్కి మరీ ఊదేది. అయినా అది తువ్వాలుకి లొంగే గొంతు కాదు. పాట వస్తే కాస్త బాగుండేదేమో. వచ్చేది ఒకే స్వరం. అది లేచేది, వణికేది, సగంలో పగిలేది. మళ్ళీ మొదలు.

"పిచ్చుకా, ఇక ఆపవే!"

"ఇంకొక్కసారి నాన్నా. ఊపిరి చాలట్లేదు."

"నా ఊపిరి తీస్తున్నావు కదే!"

ఇద్దరూ నవ్వుకున్న రోజులూ ఉన్నాయి. స్కూళ్ళ మధ్య పోటీ దగ్గరపడ్డాక నవ్వులు పోయాయి. బ్యాండులో ముందు నిలబడి ఒంటరిగా ఊదే భాగం పిచ్చుకకి ఇచ్చారు. సాధన పెరిగింది. అదే వారం లెక్కల పరీక్ష పేపరు ఇంటికొచ్చింది. పైన ఎర్రసిరాతో చుట్టిన మార్కు చూసి అతను మండిపడ్డాడు.

"ఊదుడే తప్ప చదువుడు లేదు ఈ ఇంట్లో! ఇవా మార్కులు?"

పిల్ల ఏదో చెప్పబోయింది. అతను వినలేదు. తల్లి రెడీమేడ్ బట్టల షెడ్డులో కాజాలు కుట్టి అప్పుడే వచ్చింది. చెప్పులు విప్పుతూ, "ముందు దాని మాట విను" అంది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు బట్టీ దగ్గర ఒక రేకు నిండా రొట్టెలు మాడాయి. యజమాని పెద్దగా తిట్టలేదు కానీ, "వయసు మీద పడుతోందా మామా?" అన్నాడు. ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. పిచ్చుక స్కూలు నుంచి వచ్చి, ట్రంపెట్ పెట్టె మంచం మీద పెట్టి, కింద కుళాయి దగ్గరకు నీళ్ళకు వెళ్ళింది. పెట్టె తెరిచే ఉంది. ట్రంపెట్ పక్కన మౌత్‌పీస్ ఉంది. పెదవులు ఆనించి ఊదే ముక్క అది, ఇంత ఇత్తడి గిన్నెలాంటిది. అది లేకపోతే ట్రంపెట్ ఉత్త గొట్టం. అతను దాన్ని తీసి లాగు జేబులో వేసుకున్నాడు. ఈ ఒక్క సాయంత్రం, అనుకున్నాడు.

పిచ్చుక ముందు మామూలుగా వెతికింది. తర్వాత ఏడుస్తూ వెతికింది. సంచీ దులిపింది, పరుపు ఎత్తింది, మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టు మూల చేత్తో తడిమింది. "ఏం పోయింది?" అని అతను అడగాల్సి వచ్చింది. అడిగాక వెతకాల్సి వచ్చింది. తల్లీకూతుళ్ళు చూస్తుండగా బరువైన ట్రంకుపెట్టె పక్కకి జరిపి, వంగి, దాని వెనక చూశాడు. వంగినప్పుడు జేబులోని ఇత్తడి తొడకి గుచ్చుకుంది.

"దొరుకుతుందిలే, ఇంట్లోదేగా, ఎక్కడికి పోతుంది" అన్నాడు.

ఆ సాయంత్రం ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అతనికి నిద్ర రాలేదు.

మర్నాడు దాన్ని మంచం కింద పడేసి "ఇదిగో!" అందామనుకున్నాడు. కానీ సాయంత్రం తల్లి చెప్పింది, "అది పొద్దున్నే స్కూల్లో చెప్పేసిందట, పోగొట్టుకున్నానని." బ్యాండు పిల్లల్లో పరికరాల బాధ్యత కూడా పిచ్చుకదే. ముందు నెల ఒక చిన్న పిల్లాడు డ్రమ్ము పుల్ల పోగొడితే వాణ్ని వరుసలోంచి పక్కకి నిలబెట్టింది తనే.

"బ్యాండు మేడమ్ ఏమీ అనలేదు నాన్నా" అంది పిచ్చుక, పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "నేనే అన్నాను, ముందు నిలబడే చోటు నాకొద్దని. వాడికో న్యాయం, నాకో న్యాయమా? ఇంక ఆ భాగం పొడుగు పిల్ల ఊదుతుంది."

పొడుగు పిల్ల అంటే బ్యాండులో రెండో ట్రంపెట్. పిచ్చుక స్నేహితురాలే.

అతను మంచం వైపు చూశాడు. "ఏమో, రేపు మంచం కింద మళ్ళీ ఒకసారి చూస్తే..."

"నేను ఊడ్చాను కదయ్యా, అక్కడేం లేదు" అంది భార్య. అంటూ అతని మొహంలోకి చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి జేబు మీదికి పోయింది. అప్పటికే అది జేబులో లేదు. బట్టీ దగ్గర జారిపోతుందని పొద్దున బేకరీలో ఖాళీ డబ్బాల వెనక పెట్టి, హడావిడిలో అక్కడే మరిచి వచ్చాడు. అయినా చెయ్యి పోయింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో అతనికే తెలియాలి. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలు కూడా ఉండదు. పిచ్చుక సాయంత్రాలు పెందలాడే వచ్చేది. చేతులు ఖాళీ. బోలెడు తీరిక. చదువు పెరగాలి కదా? పెరగలేదు. ఇదివరకు బట్టలు మార్చుకోగానే గోడగడియారం చూసి, ఇంతసేపు ఊదుడు, ఇంతసేపు లెక్కలు, ఇంతసేపు సైన్సు అని తనకు తనే గీత గీసుకునేది. ఇప్పుడు సంచీ విప్పకుండా గోడకి చేరబడి కూర్చునేది. "చదువుకోవే" అంటే పుస్తకం తెరిచేది. పేజీ తిరిగేది కాదు. మాట మళ్ళీ లోపలికి పోయింది.

ఒకరోజు స్కూలు నుంచి కబురొచ్చింది, తండ్రిని రమ్మని. లెక్కలు చెప్పే మేడమే బ్యాండు కూడా చూసేది. బేకరీ నుంచి అట్నుంచటే, చొక్కా మీద పిండి కూడా దులుపుకోకుండా వెళ్ళాడు. బ్యాండు గది మెట్ల కింద ఉంది. డ్రమ్ములు, మడత కుర్చీలు, ఇత్తడి తుడిచే గుడ్డల వాసన. పిల్లలంతా గ్రౌండులో ఉన్నారు.

"ఇంట్లో ఏమైనా ఇబ్బందా అండీ?" అంది మేడమ్. "పోయినేడు ఈ పిల్ల నా పరీక్షలో తప్పింది. బ్యాండులో చేరాక మెల్లగా పైకొచ్చింది. మొన్న ఇంటికి పంపిన పేపరు చూశారుగా, తనకి మొదటిసారి నలభై దాటింది అప్పుడే."

అతను ఆ ఎర్ర అంకెనే చూశాడు. అది ఎక్కడి నుంచి ఎక్కిందో అడగలేదు. ఆ రోజు పిల్ల చెప్పబోయింది ఇదే కాబోలు.

"సగం తాళం, పావు తాళం లెక్కపెట్టడం అలవాటయ్యాక భిన్నాలంటే భయం పోయింది దానికి" అని మేడమ్ చెప్పుకుపోయింది. "కానీ నేను సంతోషించింది దానికి కాదండీ. తప్పు ఊదితే ఏడవకుండా మళ్ళీ మొదలుపెట్టడం నేర్చుకుంది. లెక్క తప్పినా అంతే, కొట్టేసి మళ్ళీ చేసేది. చిన్నపిల్లలకి నేర్పేటప్పుడు గొంతెత్తి మాట్లాడేది. ఇప్పుడేమో బల్ల మీద తల పెట్టి కూర్చుంటోంది. ఒక ముక్క పోయినందుకు ఇంత కుంగిపోతుందనుకోలేదు. 'ముందు నిలబడను' అన్నప్పుడు నేను ఆపాల్సింది. మంచి పాఠమేలే అని ఊరుకున్నాను. నాదే తప్పు."

అందరూ వాళ్ళ తప్పే అంటున్నారు. పోగొట్టుకున్నానని పిల్ల, ఆపలేదని మేడమ్. అతను మడత కుర్చీలో కూర్చుని, "అది పోలేదు మేడమ్" అన్నాడు. "నేనే తీశాను. నిద్ర కోసం తీశాను."

మేడమ్ ఇంకో మడత కుర్చీ లాగి ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడెక్కడుంది?"

"బేకరీలో."

"నాకు కాదండీ ఇవ్వాల్సింది" అంది ఆమె. కోప్పడినా బాగుండేదనిపించింది అతనికి.

ఆ సాయంత్రం స్కూలు గేటు దగ్గర నిలబడ్డాడు. పిచ్చుక రాగానే మౌత్‌పీస్ తీసి చేతిలో పెట్టాడు. దారిలో చెబుదామని కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "నేనే దాచానమ్మా" అన్నది మాత్రం వచ్చింది.

పిల్ల దాన్ని చూసింది, అతన్ని చూసింది. ఏడవలేదు.

"మరి ట్రంకుపెట్టె ఎందుకు జరిపావు నాన్నా?"

ఇద్దరూ ఇంటిదాకా నడిచారు, పిల్ల ముందు, అతను వెనక. ఇంటికెళ్ళాక అతను భార్యకీ చెప్పాడు. "నాకు అనుమానమే" అంది ఆమె. "అనుమానించినందుకు నన్ను నేను తిట్టుకున్నాను కూడా. అదయ్యా నా బాధ." ఆ రాత్రి అతనికి కంచంలో వడ్డించింది కానీ పక్కన కూర్చోలేదు.

మర్నాడు అతను బేకరీ యజమాని దగ్గర నిలబడి, బట్టీ పని మానేసి పగలు పిండి కలిపే పనికి మారతానన్నాడు. బట్టీ ముందు పెరిగినవాడికి అది ఒక మెట్టు దిగడమే. యజమాని వింతగా చూసి సరేనన్నాడు. సాయంత్రాలు ఇక పడుకోనక్కర్లేదు. ఆ సంగతి కూతురికి చెబితే, "సరే" అంది. అంతే. కొన్నాళ్ళు ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ళ మాటలు "సరే" దగ్గరే ఆగిపోయాయి.

పోటీకి ఇంకా వ్యవధి ఉంది. మేడమ్ పిచ్చుకని పిలిచి, ముందు నిలబడే చోటు మళ్ళీ తీసుకోమంది. పిల్ల ఒప్పుకోలేదు. అతనికది తెలిసి, ఉండబట్టలేక అడిగాడు.

"తప్పు నాది కదే. నువ్వెందుకు వదులుకోవడం?"

"పొడుగు పిల్ల కష్టపడి నేర్చుకుంది నాన్నా. ఇప్పుడు నేను లాక్కుంటే, నువ్వు చేసిందే నేనూ చేసినట్టు అవదా?"

పిల్ల ఎత్తిపొడవాలని అనలేదు. మామూలుగా, లెక్క చెప్పినట్టు చెప్పింది. అందుకే అది మరీ లోతుకి దిగింది. తను దాచింది అరచేతిలో పట్టే ముక్కే. పిల్ల వదులుకుంటున్నది మళ్ళీ తెచ్చి ఇవ్వగలిగేది కాదు.

పోటీ రోజు అతను, భార్య వెనక వరుసలో కూర్చున్నారు. పొడుగు పిల్ల ముందుకొచ్చి బాగానే ఊదింది. పిచ్చుక రెండో వరుసలో చివర ఉంది. బుగ్గలు కదలడం కనపడింది కానీ, ఎంత చెవి రిక్కించినా ఆమె ఊదేది వేరుగా పట్టుకోలేకపోయాడు. ఇంట్లో తెర అవతల పగిలే ఆ ఒక్క స్వరాన్ని వెయ్యింటిలో గుర్తుపట్టగలననుకున్నాడు. బహుమతి వేరే స్కూలుకి పోయింది. బయటికొచ్చాక, "నీది నాకు వినపడలేదమ్మా" అన్నాడు, క్షమాపణలాగా.

"వినపడకూడదు నాన్నా" అంది పిచ్చుక. ఆ మాట చాలా రోజులకి మెత్తగా వచ్చింది. "రెండో ట్రంపెట్ విడిగా వినపడితే తప్పు ఊదినట్టు. మొదటిది నిండుగా వినపడాలి, అంతే."

పరీక్షల్లో పిచ్చుక అన్నిటిలోనూ గట్టెక్కింది, లెక్కల్లో కాస్త బాగానే. మరుసటేడు పొడుగు పిల్ల స్కూలు వదిలి వెళ్ళాక, అడక్కుండానే ముందు చోటు పిచ్చుకకి వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకి నేర్పుతూ గ్రౌండులో ఆమె వేసే కేకలు ప్రహరీ అవతలికి వినపడేవి. వీధిలో వాళ్ళు, "ఇంకా పిచ్చుకేమిటి మామా, పేరు మార్చు" అనేవాళ్ళు. అతను నవ్వేవాడు.

కూతురు అతన్ని ఏనాడూ మళ్ళీ దెప్పలేదు. మాటలు కలిశాయి, నవ్వులు కూడా కలిశాయి. కానీ ఇంట్లో దువ్వెనో, తాళంచెవో కనపడకపోతే, వెతకడం మొదలుపెట్టే ముందు ఆమె కళ్ళు ఒక్కసారి అతని వైపు వెళ్ళి, తనకే సిగ్గేసినట్టు వెంటనే పక్కకి తిరిగేవి. ఆ చూపు తప్పని అతను అనలేడు. లేచి, ఆమెతో పాటు వెతికేవాడు.