గట్టున పెట్టిన ఒట్టు

నా చిన్నప్పుడు అబద్ధం చెప్పని పిల్లనని మా వీధంతా నాకు పేరు. మదనపల్లె పక్కన మాది మగ్గాల వీధి. ఏడేళ్ల పిల్లకు ఆ పేరు ఎంత ముప్పు తెస్తుందో నాకేం తెలుసు!

పక్కింటి అక్కకు అప్పుడు పద్నాలుగేళ్లు. తల్లి పోయాక గుంత మగ్గంలో దిగి చీరలు నేసింది ఆమే. మోకాలి కింద గడ్డ లేచి, కాలు వంకాయ రంగుకు తిరిగింది. కాలు తీసేస్తేనే ప్రాణం నిలుస్తుందన్నాడు డాక్టరు. అక్క ఒప్పుకోలేదు. మగ్గం తొక్కడానికి రెండు కాళ్లూ కావాలని, అవి లేని బతుకే వద్దని మంచం కోడు పట్టుకుని కూర్చుంది. ఆ డాక్టరు మంచివాడే. రెండు మూడు రోజులు చూద్దాం, పిల్లకు నచ్చజెప్పండి అన్నాడు.

వీధికి పెద్దమనిషి మా తాతయ్య. ఆయనకు ఒళ్లు మండింది. "ఆడబిడ్డిని అడిగేదేంది సామీ? గొర్రినడిగి బొచ్చు కత్తిరిస్తారా?" అన్నాడు. అక్క నాన్న తల వంచుకుని నిలబడ్డాడు.

మర్నాడు తాతయ్య నా చేతిలో బొరుగుల ఉండ పెట్టి, కట్టు మార్చడానికే మత్తు ఇస్తారని అక్కకు చెప్పమన్నాడు. అబద్ధం కదా తాతా అన్నాను. పానం కాపాడే అబద్ధం పుణ్యమన్నాడు. ఉండ తింటూ ఆయన వెంట ఆసుపత్రికి వెళ్లి, చెప్పమన్నట్టే చెప్పాను.

అక్క పెద్దవాళ్లెవరినీ అడగలేదు. నా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. "కాలు తియ్యరు గదా పాపా? ఒట్టెయ్యి." వేశాను. నూనె లేక బిరుసెక్కిన ఆ జుట్టు ఇప్పటికీ నా అరచేతికి తగులుతుంది. పిల్ల ఒప్పుకుందని తాతయ్య డాక్టరుకు చెప్పాడు. అక్క నాకు నవ్వు మొహం చూపించి లోపలికి వెళ్లింది.

మెలకువ వచ్చాక దుప్పటి కింద తడుముకుంది. నా వైపు చూసింది, అంతే.

దొంగ ఒట్టు వేస్తే ఆ తల రాలిపోతుందంటారు. అక్క చచ్చిపోతుందని నెల రోజులు ఏడ్చాను. తాతయ్యకు విసుగొచ్చింది. "ఒట్టు తీసి గట్టున పెట్టమ్మా. బతికే ఉండాది గదా!" అని నవ్వాడు.

అవును, బతికింది. మగ్గాన్ని పుంగనూరు వాళ్లెవరో కొనుక్కుపోయారు. అక్క మాత్రం ఊళ్లోవాళ్ల మగ్గాలకు నూలు కండెలు చుడుతూ ముసలిదైంది. యాభై ఏళ్లు నాతో మాట్లాడలేదు. పోయినేడు వెళ్లి కాలు పట్టుకున్నాను. కాళ్లు అనడానికి లేదుగా. ఆమె కండె చుట్టడం ఆపలేదు.

"బతికించినారు, సరే. నిజం సెప్పుంటే రెండు దినాలు ఏడ్సి నేనే ఒప్పుకొనుందును గదా పాపా. ఆ రెండు దినాలు గూడా నాకు ఇయ్యలేదే."

అంతకంటే నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

నేను ఎవరి నెత్తినా చెయ్యి పెట్టను. పెళ్లిళ్లలో కూడా దూరం నుంచే అక్షింతలు చల్లుతాను. మొన్న కుప్పంలో మనవరాలికి ఆపరేషన్. లోపలికి పోయే ముందు నా చెయ్యి లాక్కుని నెత్తిన పెట్టుకోబోయింది. "నొప్పి ఉండదు గదా అవ్వా?"

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "ఉంటాది తల్లీ. వద్దనిపిస్తే ఇప్పుడే సెప్పు. డాక్టరుతో నేను మాట్లాడతా."

పిల్ల బావురుమంది. కోడలు నన్ను కసిరి బయటికి పంపింది. లోపల ఆ పిల్ల ఏమందో, ఎవరైనా విన్నారో లేదో నాకు తెలియదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను.