బాపు నేర్పిన మర్లేసుడు

మా బాపు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మా వైపు సాంచా అంటారు. సెలవు దొరికితే మాత్రం తెల్లచొక్కా తొడుక్కుని పెళ్లిళ్లలో, పందిళ్లలో గారడీ చేసేవాడు. తాళ్లు, రుమాళ్లు, పేకముక్కలు అన్నీ ఉండేవి గానీ జనం అడిగేది ఒక్కటే, రూపాయి బిళ్ల మాయం చేయమని. చొక్కా చేతులు మోచేతి పైదాకా మడిచి అరచేయి చూపేవాడు, ఖాళీ. చేయి తిప్పి వెనుక చూపేవాడు, అదీ ఖాళీ. పక్కనే నిలబడి సంచీ పట్టుకున్న కన్నకూతురిని, నాకే ఆ బిళ్ల ఎటు పోయేదో తెలిసేది కాదు.

నాకు పెళ్లయి కోరుట్ల వచ్చిన రెండో ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది, మూతి ఒక పక్కకు వంగింది. మాట ముద్దగా అయినా వచ్చేది. నేను చూడడానికి పోతే, ఎడమ చేత్తో దిండు కింద తడిమి ఆ పాత రూపాయి బిళ్ల తీసి నా ఒళ్లో వేశాడు.

“ఒక్కసారి మాయం జేసి సూపియ్యి బిడ్డా. నేను జేసుడే గని, సూసుడు ఎన్నడు లేదు.”

ముప్పై ఏళ్లు ఎన్ని ఊళ్ల జనాన్నో నోరెళ్లబెట్టించిన మనిషి, అది చూస్తే ఎలా ఉంటుందో తాను ఎరగడు. సరేనన్నాను.

దానికి ఇంగ్లీషులో ఏదో పేరుందట. బాపు ‘మర్లేసుడు’ అనేవాడు, అంటే తిప్పేయడం. మంచంలో నుంచే నాకు నేర్పాడు. బిళ్ల నడిమి రెండు వేళ్ల వెనుక ఉండాలి. చూపుడు వేలు ఒక అంచును, చిటికెన వేలు రెండో అంచును పట్టి ఉంచాలి. ముందు నుంచి చూస్తే అరచేయి ఖాళీ. చేయి తిప్పేటప్పుడు నడిమి రెండు వేళ్లూ ముడుచుకుని మళ్లీ చాచుకోవాలి, ఆ లోపల బిళ్ల వెనుక నుంచి ముందుకు వచ్చేయాలి. చెప్పడానికి ఇంతే. చేయబోతే బిళ్ల టింగుమని నేల మీద పడేది. బిళ్ల పెద్దదన్నాను, నా వేళ్లు పొట్టివన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

కోరుట్లలో నేను బీడీలు చేసేదాన్ని. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు. అందరి ముందూ రూపాయి బిళ్లతో ఆడుకుంటే పిచ్చిదంటారు. చాట మీదే సాధన మొదలుపెట్టాను. బిళ్ల జారినా తంబాకులో పడి చప్పుడయ్యేది కాదు. నాలుగు బీడీలు చుట్టడం, ఒకసారి మర్లేయడం. ఒకరోజు అది జారి ఆకుకట్టలో దూరింది. ఆకు కత్తిరిస్తున్న మా అత్త కత్తెర కటుక్కుమంది. ఆమె బిళ్ల తీసి ఎండకు పట్టి చూసింది.

“తునికాకుకు రూపాలు గాస్తున్నయా ఏందే? గట్లయితే నేను గూడ అడివికి పోత,” అంది.

సిగ్గుతో తల ఎత్తలేదు. మూడు నెలలు గడిచాయి. సిరిసిల్ల పోయినప్పుడల్లా బాపు ముందు కూర్చుని, తల వంచుకుని నా వేళ్లనే చూసుకుంటూ చేసేదాన్ని. పడేది. “కానియ్యి, మల్ల జెయ్యి,” అనేవాడు ఆయన. ఇంతలో రెండోసారి వాతం కొట్టింది. ఒక కన్ను పోయిందని, రెండోది కూడా మసకబడుతోందని అమ్మ కబురు పంపింది. ఇక చూపిస్తే ఇప్పుడే చూపించాలి.

అవి నక్సలైట్ అన్నలకూ పోలీసులకూ నడుమ మా ఊళ్లు నలిగిన ఏళ్లు. జగిత్యాలలో బస్సు మారి, కొంగు కింద బిళ్లను మర్లేసుకుంటూ కూర్చున్నాను. మల్యాల దగ్గర పోలీసులు బస్సు ఆపి అందరినీ దింపారు. ఆడవాళ్లను కూడా. వరుసలో నిలబెట్టి చేతులు చాపమన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, బిళ్ల ఇంకా నా వేళ్ల వెనుకే ఉందని. జారవిడిస్తే చప్పుడవుతుంది. ఆ రోజుల్లో పోలీసు ముందు చేతిలో ఏదో దాచిన మనిషి అది రూపాయి బిళ్లేనని చెప్పుకునే లోపల ఏమైనా కావచ్చు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

నా ముందుకొచ్చిన పోలీసు నా ఈడువాడే. భుజాన తుపాకీ. అరచేయి చూశాడు.

“తిప్పు,” అన్నాడు.

నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. చేయి తిరిగింది. అంతే. ఆయన వంగి, తంబాకు మరక పట్టిన నా చూపుడు వేలి కొసను చూశాడు.

“బీడీలు జేస్తవా?”

“చేస్త సారూ.”

“మా అమ్మ గూడ చేస్తది. పో, ఎక్కు.”

బస్సెక్కి, కూర్చుని, భయం భయంగా చేయి తెరిచాను. బిళ్ల అరచేతి వైపు ఉంది, వెచ్చగా. నేను చేయలేదు. నా చేయి చేసింది. ఆ చేయి నాదేనా అని సిరిసిల్ల దాకా దాన్నే చూసుకుంటూ కూర్చున్నాను.

ఇంట్లో చెబితే అమ్మ నెత్తి కొట్టుకుంది.

“అప్పుడు నీ సూపు యాడున్నది?” అని అడిగాడు బాపు.

“ఆయన మొకం మీద.”

“గదే. నీ చేతికి నేర్పిన గని కంటికి నేర్పుడు మర్సిన. నువ్వు సూసిన కాడికే జనం గూడ సూస్తరు బిడ్డా. ఇగ నా దిక్కు సూస్కుంట జెయ్యి.”

తల ఎత్తాను. అప్పుడు తెలిసింది, జబ్బు పడ్డ నాటి నుంచి నేను ఆయన ముఖం సరిగా చూడనే లేదని. ఆ వంకర మూతి చూడలేక నా వేళ్ల చాటున దాక్కున్నాను. ఇప్పుడు చూశాను. మూతి వంగింది గానీ మనిషి ఎక్కడికీ పోలేదు. చేయి ఎప్పుడు తిరిగిందో నాకు తెలియదు.

ఆయన మిగిలిన కన్ను నా చేతి మీదికి పోయింది, నా ముఖం మీదికి వచ్చింది, మళ్లీ చేతి మీదికి పోయింది. ఆ వంకర మూతి మెల్లగా తెరుచుకుంది. పందిళ్లలో ముందు వరుసలో కూర్చున్నవాళ్ల నోళ్లు అలాగే తెరుచుకునేవి.

“యాడ వాయె బిడ్డా?” అన్నాడు.

అది ఎక్కడుంటుందో నేర్పింది ఆయనే. అయినా ఎడమ చేత్తో నా చేయి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే విప్పి వెతికాడు.