బేరగాడు నేర్చుకున్న స్పానిష్ మాట

హిందూపురం అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి. నచ్చిన సరుకును నచ్చిందని చెప్పకూడదన్నది మా నాయన నేర్పిన మొదటి పాఠం. అందుకే అరవైల మొదట్లో, చెల్లెలు తన పెళ్లికి కోరిన వంగపండు రంగు పట్టుచీర ధర్మవరంలో దొరికినా, పది వంకలు పెట్టి లేచాను. నేతగాడు వెనక్కి పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు. పంతానికి హిందూపురం రైలెక్కాను.

ఎదురుగా స్పెయిన్ దేశపు సిస్టరమ్మ కూర్చుని ఉంది. తెలుగు నేర్చుకుంటోందట. ‘నాకు కావాలి’ అనడానికి వాళ్లు ‘కియేరో’ అంటారట. అదే ‘మాకు’ అయితే ‘కెరేమోస్’. మా అంగడి ధరలాగే మనిషిని బట్టి మారే మాట!

“మీకు ఏమి కావాలి? చెప్పండి,” అంది.

“నాకేమీ వద్దమ్మా,” అన్నాను అలవాటుగా.

ఆమె పకపకా నవ్వింది. “నేను ఏమీ అమ్మడం లేదు కదా!”

“కియేరో... చీర,” అన్నాను.

దారిలో పెనుకొండలో దిగి, ఎదురొచ్చిన బండిలో ధర్మవరం వెనక్కి వెళ్లాను.

“నాకా చీర కావాలప్పా!”

“ఈ మాట పొద్దున్నే అనింటే రైలు చార్జీ మిగిలేది గదప్పా,” అన్నాడు నేతగాడు. “నీ కండ్లు చూసే పక్కన పెట్టినా.”

ధర మాత్రం దమ్మిడీ తగ్గించలేదు. రైలు దిగే తొందరలో సిస్టరమ్మకు దండం పెట్టడం మరిచాను. చెల్లెలు ఆ చీర కట్టినప్పుడల్లా ఆ దండం పెట్టుకుంటున్నాను.