ముప్పై ఒకటో సైగ

ఎమిల్ కోవాచిక్‌కు మనుషుల ముఖాలు గుర్తుండవు, చేతులు గుర్తుంటాయి. నలభై ఏళ్లుగా ఒకే చర్చిలో ఒకే వరుసలో కూర్చుంటున్నాం. అయినా వీధిలో ఎదురైతే నా పేరు తడుముకుంటాడు. నా బొటనవేలి మీది కాలిన మచ్చ చూశాక, "ఆఁ, నువ్వా!" అంటాడు. మంచు పడిన రోజున తన వాకిలితో పాటు పక్కింటి వాకిలి కూడా ఊడ్చేసి, ఏమీ ఎరగనట్టు లోపలికి పోయే మనిషి.

మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు అతడు ఇరవై రెండేళ్లు వీడియో తీశాడు. ఉక్కు కార్ఖానాలు మూతపడ్డాక మా ఊరు చెప్పుకోవడానికి మిగిలింది ఆ జట్టే. అవతలి జట్టు కోచ్ ఒకడు మైదానం అంచున నిలబడి చేతులతో సైగలు చేస్తాడు. ఎటు దూకాలో, ఎవర్ని కాయాలో వాళ్ల పదకొండు మందికీ ఆ చేతులే చెబుతాయి. ఎమిల్ ముందు ఆ చేతుల్ని తీస్తాడు, వెంటనే స్కోరుబోర్డును, ఆ వెంటనే జరిగిన ఆటను. తర్వాత ఇంటి నేలమాళిగలో కూర్చుని మూడూ జోడించి, ఏ సైగకు ఏ ఎత్తుగడో నోటుబుక్కులో రాసుకుంటాడు. అదే జట్టుతో రెండోసారి ఆడేనాటికి వాళ్ల మనసులో మాట మా వాళ్లకు ముందే తెలిసిపోతుంది. అలా తీయకూడదని పోటీలు నడిపే లీగ్ నిషేధించింది. అందుకే ఎమిల్ చొక్కా మీది జట్టు గుర్తు కనబడకుండా టేపు అంటించుకుని వెళ్లేవాడు.

ఈ సంగతి మాలో చాలామందికి తెలుసు. గురువారాలు చర్చి కింద గదిలో అందరం చేరి పిరోగీలు చేస్తాం. బంగాళాదుంప ముద్ద పెట్టి, కజ్జికాయల్లా అంచులు నొక్కి, శుక్రవారం అమ్మకానికి పెడతాం. ఆ బల్ల దగ్గర ఈ వాదన ఎన్నిసార్లు జరిగిందో!

"డెబ్బై వేల మంది ముందు చేతులూపుతూ, చూడొద్దంటే ఎలా?" అనేవాడు బెర్నీ జూరిక్, కార్ఖానాలో పనిచేసి దిగిపోయినవాడు. "పెరట్లో బట్టలారేసుకుని, చూసినవాడి కళ్లు పొడుస్తారా?"

"చూడ్డం వేరు, బెర్నీ. దాచుకుని, వెనక్కి తిప్పి తిప్పి చూడ్డం వేరు," అనేది ఎమిల్ భార్య ఆర్లీన్.

"మరి ఆ జీతంతో కొన్న కొత్త పొయ్యి మీద వండుకు తింటున్నావుగా తల్లీ!"

అందరం నవ్వేవాళ్లం. ఎమిల్ మాట్లాడేవాడు కాదు. పిండి వంకే చూస్తూ అంచులు నొక్కేవాడు.

అవతలి జట్లలో ఒకదానికి సైగలు చేసేది వెండెల్ టార్ప్లీ అనే సన్నటి, పొడుగాటి మనిషి. నాలుగేళ్లలో ఏడు ఆటల్లో ఎమిల్ అతణ్ణి తీశాడు. ఒక్క మాటా కలపని ఆ మనిషి చేతులు ఎమిల్‌కు సొంత అన్నదమ్ముల చేతుల కంటే బాగా తెలుసు. ముప్పై సైగలకు అర్థం దొరికింది. ముప్పై ఒకటో దానికి దొరకలేదు. కుడి బొటనవేలితో ఎడమ చంక కింద నొక్కి, అక్కణ్ణుంచి మోచేతి దాకా మెల్లగా జారుస్తాడు. ఆ తర్వాత జరిగే ఆటకూ దానికీ పొంతన ఉండదు. చూసేవాణ్ణి తికమక పెట్టడానికి ఉత్త సైగలు చేయడం వాళ్లకు మామూలే. ఎమిల్ దాని పక్కన 'దొంగ సైగ' అని రాసుకున్నాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆర్లీన్ ఉతికిన బట్టలు తీసుకోవడానికి నేలమాళిగలోకి దిగింది. తెర మీద వెండెల్ చెయ్యి జారుతోంది. బుట్ట చంకనే ఉంది, ఆమె కదలలేదు.

"ఇది సైగేమిటి, ఎమిల్? మా నాన్న చనిపోయిన చలికాలమంతా ఇలాగే నొక్కుకునేవాడు."

ఆమె పైకి వెళ్లాక ఎమిల్ ఏడు టేపులూ మొదటి నుంచి వేశాడు. ఆ సైగ మొదటి ఏడాది రెండుసార్లు కనిపించింది, రెండో ఏడాది ఐదుసార్లు, మూడో ఏడాది పదకొండు. కిందటి నెల ఒక్క ఆటలోనే ఇరవై మూడు. ఆ టేపుల్లో శబ్దం ఉండదు. వెనక డెబ్బై వేల మంది నోళ్లు తెరిచి అరుస్తున్నారు, ఏమీ వినబడదు. ముందు ఒక మనిషి నోరు తెరిచి గాలి కోసం ఆగుతున్నాడు, అదీ వినబడదు. నొప్పి తగ్గగానే ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూస్తాడు. ప్రతిసారీ ఆ చూపు తిరిగి తిరిగి వచ్చి సూటిగా కెమెరా మీద ఆగుతుంది. మైదానానికి అవతల ఉన్న ఎమిల్‌ను అతడు చూసి ఉండడు. కానీ తెర మీద మాత్రం చూస్తున్నట్టే ఉంది. ఇరవై మూడుసార్లూ చూశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆర్లీన్ చెంచా కింద పెట్టేసింది.

"నీ చెయ్యి, ఎమిల్."

అతని కుడి బొటనవేలు ఎడమ చంక కింద నొక్కి ఉంది. ఎప్పుడు పెట్టాడో అతనికే తెలియదు.

మర్నాడు పేరు చెప్పకుండా అవతలి జట్టు ఆఫీసుకు ఫోన్ చేశాడు. మీ వెండెల్‌కు గుండె జబ్బుంది, వెంటనే డాక్టరుకు చూపించండి అన్నాడు. ఫోన్ ఏ ఊరి నుంచో పోల్చుకుని అటు మనిషి పగలబడి నవ్వాడు.

"మీతో ఆట పది రోజుల్లో ఉందనగా మా కోచ్‌కు గుండెజబ్బా? కిందటేడు మేం దిగిన హోటల్లో తెల్లవారుజామున ఉత్తుత్తి ఫైర్ అలారం మోగించారు. ఈసారి ఇదా? కొత్తది ఆలోచించండి సార్."

గురువారం బల్ల దగ్గర ఎమిల్ మొదటిసారి నోరు విప్పి, జరిగిందంతా మాకు చెప్పాడు.

"టేపు పంపితేనే నమ్ముతారు. పంపితే నేనే తీశానని తెలుస్తుంది," అన్నాడు.

"పిచ్చా నీకు? రెండేళ్లలో రిటైరవుతావు," అన్నాడు బెర్నీ. "జట్టు పరువు తీస్తే ఈ ఊళ్లో నీకు రొట్టె అమ్మేవాడుండడు. వాడికి పెళ్లాం లేదా? డాక్టరు లేడా?"

"వాళ్లెవరూ అతణ్ణి నా అంతగా చూడలేదురా," అన్నాడు ఎమిల్.

ఆర్లీన్ పిండి చేతులతోనే అతని భుజం మీద తట్టింది. ఎమిల్ సెప్టెంబరు టేపుకు ఉత్తరం జతచేసి, కింద పేరూ చిరునామా రాసి, వెండెల్ ఇంటికే పంపాడు. పోస్టాఫీసు దాకా ఆమె కూడా నడిచింది.

జవాబు రాలేదు. ఆదివారం ఆటకు ఎమిల్ మామూలుగానే వెళ్లి కెమెరా కన్ను దగ్గర పెట్టుకున్నాడు. అవతలి అంచున వెండెల్ లేడు. ఆ చోట ఎవరో కుర్ర కోచ్ ఉన్నాడు. అతడు ఒక్క సైగా చేయలేదు. ఆట మొదలయ్యే ముందు చేతులు వెనక్కి కట్టుకుని, వేల మంది మధ్య ఎమిల్ ఎక్కడున్నాడో ముందే తెలిసినవాడిలా, అతని వైపే చూస్తూ నిలబడ్డాడు.  ఎమిల్ కెమెరా దించేశాడు.

బుధవారం లీగ్ నుంచి ఒక అధికారి వచ్చాడు. ఎమిల్ టేపులూ నోటుబుక్కులూ తనే పెట్టెలో సర్ది ఇచ్చి, ఒక్కటే అడిగాడు.

"అతను డాక్టరు దగ్గరికి వెళ్లాడా?"

"అది నేను చెప్పకూడదు."

ఆర్లీన్ ఇచ్చిన కాఫీ తాగి, గుమ్మం దాకా వెళ్లి, ఆ అధికారి టోపీ సర్దుకుంటూ ఆగాడు.

"శనివారం గుండెకు ఆపరేషన్ చేశారు. ఆదివారం మైదానంలో నిలబడి ఉంటే దక్కేవాడు కాదన్నారు. నీ మీద ఫిర్యాదు ఇచ్చిందీ అతనే. మంచం మీద నుంచే సంతకం పెట్టాడు."

"మంచిది. పెట్టాల్సిందే," అన్నాడు ఎమిల్. ఆ మాట ఏడుపు గొంతుతోనే అన్నా, కోపంతో అనలేదని ఆర్లీన్ చెప్పింది.

ఉద్యోగం పోయింది. పత్రికల్లో పేరు పడింది. ఊళ్లో కొందరు ముఖం తిప్పుకున్నారు. బెర్నీ మాత్రం కనబడిన వాళ్లందరితో స్నేహితుడి తరఫున పోట్లాడాడు. "కళ్లెదుట ఉన్నది చూశాడు, తప్పేమిటి?" అని అరిచేవాడు. కానీ ఎమిల్ గదిలోకి రాగానే బెర్నీ చేతులు జేబుల్లోకి పోయేవి. బెర్నీ ఒక్కడేనా! ఆ గురువారం ఎమిల్ మెట్లు దిగుతూంటే, బల్ల చుట్టూ ఉన్న మేమందరం ఒకేసారి చేతులు బల్ల కిందికి దించేశాం. నేనూ దించాను. నన్ను దేవుడు క్షమించాలి. 

ఎమిల్‌కు అర్థమైంది. కుర్చీ తీసుకెళ్లి, మాకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాడు.

అప్పుడు ఫిలొమీనా లేచింది. ఎనభై మూడేళ్లది, మా బల్లకు పెద్ద. కుర్చీ ఈడ్చుకుంటూ పోయి అతనికి ఎదురుగా వేసుకుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని పిరోగీ చేయడం మొదలుపెట్టింది.

"చూడు, నాయనా. చూసి, ఏమైనా ఉంటే చెప్పు. నాకేం భయం లేదు."

ఎమిల్ కత్తి పక్కన పెట్టి చూశాడు. ఆ వంకర తిరిగిన వేళ్లు మూడు పిరోగీలు చేసేదాకా చూశాడు. 

"ఈ అంచు ఇంకొంచెం నొక్కమ్మా," అన్నాడు చివరికి. "నీళ్లలో విడిపోతుంది."

"అంతేనా?"

ఎమిల్ ఆమె పళ్లెంలోంచి ఆ పిరోగీ తీసుకుని, తనే అంచు నొక్కి, ఉల్లిపాయల వైపు తిరిగాడు.