మా బావ చెరిపిన నవ్వు

మా బావ పోయాడని కబురు వచ్చినప్పుడు నేను వేంపల్లెలో ఒక ఎరువుల అంగడికి బోర్డు రాస్తున్నాను. సగంలో ఉన్న అక్షరాన్ని పూర్తి చేశాకే నిచ్చెన దిగాను. ఆయనైనా అంతే చేసేవాడు.

ఆయన మా అక్క మొగుడు. ఇద్దరమూ ఒకే మేస్త్రీ దగ్గర కుంచె పట్టాం. ఫ్లెక్సీలు రాకముందు ఈ చుట్టుపక్కల లేచిన సినిమా కటౌట్లు చాలావరకు ఆయన చేతివే, కాబట్టి మీలో కొందరు ఆయన పని చూసే ఉంటారు. రంగును ముందు బొటనవేలి గోటి మీద పూసి, ఎండకు పట్టి చూసేవాడు. ముక్కు మాత్రం ఎప్పుడూ కుదిరేది కాదు. నేను ఎత్తి చూపితే, "పోలిక నీకు, జనం నాకు. సరిపాయ కదప్పా బామ్మర్దీ" అని నవ్వేవాడు. సరిపోలేదు. నా బొమ్మలో కనుబొమ్మ వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. అయినా జనం ఆయన బొమ్మ ముందే ఆగేవారు. ఆ కుళ్ళు నాకు ఇప్పటికీ ఉంది. మనిషి పోయాడని అది పోలేదు.

ఒక యేడు పెద్ద హీరో సినిమా విడుదలైంది. మొదటి ఆట చూడడానికి మా ఊరి కుర్రవాళ్ళు టెంపోలో బయలుదేరారు. ఏటి వంతెన దగ్గర అది బోల్తాపడి నలుగురు పోయారు. కబురు వచ్చేసరికి మా ఊరి కూడలిలో బావ వేసిన కటౌట్ పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వుతోంది. పొద్దున దాని మీద పోసిన పాలు కింద మట్టిలో ఇంకా ఆరలేదు.

అభిమాన సంఘం వాళ్ళు దించడానికి తాళ్ళు తెచ్చారు. బావ అడ్డం పోయాడు.

"దించితే జనం యాడికి రావల్లప్పా?"

"నవ్వుతాండే వాని ముందర ఎట్ల ఏడుస్తారు మామా?" అన్నాడు సంఘం కుర్రాడొకడు.

"నవ్వు సంగతి నేను సూసుకుంటా. నువ్వు నిచ్చెన పట్టుకో."

మిట్టమధ్యాహ్నం పైకెక్కి, ఆ పళ్ళ మీద ఒంటిరంగు పూసి పెదవులు కలిపేశాడు. ఎర్ర చొక్కాను తెల్లగా మార్చాడు. బొమ్మ చేతికి నల్లగుడ్డ కట్టి దిగాడు. నేనేమో ఇంట్లో కూర్చుని, పదో తరగతి హాల్ టికెట్ల మీది ఫోటోలు చూసి పోయిన నలుగురి మొహాలు వేశాను. అంత బాగా అంతకుముందు ఎప్పుడూ వేయలేదు. మూడోనాటికి వాటిని తెచ్చి కటౌట్ కాళ్ళకు ఆనించాను.

ఊరంతా వచ్చింది. ఈ హీరో అంటే పడని ఇంకో హీరో సంఘం వాళ్ళు కూడా పక్క ఊరి నుంచి దండ తెచ్చారు. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి నేరుగా పోయి కటౌట్‌ను రెండు చేతులా బాదింది.

"నీ కోసరమే కదరా నా కొడుకు పోయింది! ఇప్పుడు నోరు మూసుకోని నిలబడినావా?"

తిట్టి తిట్టి, దాని కాలికే తల ఆనించి ఏడ్చింది. ఆమె వెనక మిగతావాళ్ళూ ఏడ్చారు. కింద ఉన్న నా బొమ్మల మీద ఎవరూ చూపు నిలపలేదు. చివరికి ఆమె కొడుకు బొమ్మను నేనే తీసి చూపించాను.

"అచ్చం వాడే" అంది, మొహం తిప్పుకుని. "ఇంట్లో పెట్టుకుంటే నేను బతకలేనప్పా. తీసకపో."

నెల తిరగకముందే ఆమె బావ దగ్గరికి వెళ్ళి, హీరో తన కొడుకు భుజం మీద చెయ్యి వేసినట్టు బొమ్మ వేయించుకుంది. దాన్ని దేవుడి పటాల వరుసలో పెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"దాంట్లో పోలిక యాడుండాది బావా?"

"లేదులే" అన్నాడు, కుంచెను పంచెకు తుడుస్తూ. "కన్నతల్లికి కొడుకు మొగం మనం గుర్తు సేయల్లనా?"



బావ దినానికి పటం వేయమని అక్క నన్నే అడిగింది. "హీరో పక్కన ఉండేటట్ల వేయిరా. లేకుంటే ఎవరు నిలబడి సూస్తారు?"

"బావను ఒక్కణ్నే వేస్తా" అన్నాను. మా ఊరు ఒక్కసారైనా నా బొమ్మ ముందు ఆగాలి. వేరే పనులన్నీ మానేసి అదే వేశాను.

దినం నాడు సంఘం వాళ్ళు వాకిట్లో ఫ్లెక్సీ కట్టారు. నిలువెత్తు హీరో చేతులు జోడించి ఉన్నాడు. మూలన బావ మొహం తపాలా బిళ్ళంత. వచ్చినవాళ్ళు దాన్ని దాటి లోపలికొచ్చి, నా పటం ముందు ఆగారు. నిజంగానే ఆగారు. ఆ తల్లి కూడా వచ్చి చాలాసేపు చూసింది.

"తన బొమ్మ తనే ఎంత బాగ వేసుకున్న్యాడో సూడు" అంది పక్కామెతో. "పోయేది ముందే తెలిసినట్టుండాది ఆయప్పకు."

"ఆ సెయ్యి ఇంగెవరికి వస్తాది లేమ్మా."

అక్క నా వైపు చూసింది. బంతిపూల దండలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పటం అడుగున రాసుకున్న నా పేరు మొదటి దండకే మరుగైంది. మధ్యాహ్నానికి పూల మధ్య బావ కళ్ళు మాత్రమే మిగిలాయి.