కెమెరా నొసట బొట్టు

చిక్కడపల్లిలో నేను పనిచేసిన ఫొటో స్టూడియో ఓనరు గారికి పేర్ల పిచ్చి. కెమెరా నెత్తిన ఫ్లాష్ ఎక్కించే గాడిని గాడి అన్నామో, అయిపోయామే! "హాట్ షూ అనాలమ్మాయ్" అని కసిరేవారు. ఆ గాడిలో చిన్న లోహపు చుక్కలుంటాయి. బటన్ నొక్కగానే వెలగమని ఫ్లాష్‌కి కబురు పోయేది వాటి గుండానే. చుక్కల్లేకుండా వస్తువుని ఊరికే పట్టుకుని నిలబెట్టే గాడైతే అది కోల్డ్ షూ. వచ్చిన కొత్తలో రెండూ ఒకటే కదా అన్నందుకు ఆ పూటంతా నాతో మాట్లాడలేదు మహానుభావుడు.

పేర్లన్నీ నేర్పారు గానీ కెమెరా మాత్రం చేతికివ్వలేదు. ఏళ్ల తరబడి ఆల్బమ్‌లు తయారుచేసే టేబుల్ దగ్గరే కూర్చోబెట్టారు. అడిగితే ఒకటే పాట. "ఫొటో ఎవరైనా తీస్తారమ్మాయ్. మండపం ముందు చుట్టాలు అడ్డం పడతారు చూడు, వాళ్లని అదిలించాలి. నీ గొంతు చాలదు." నా గొంతు చాలదట! అశోక్‌నగర్‌లో మా మేడ మీంచి నేను కేకేస్తే వీధి చివర కూరగాయల బండి ఆగేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

2012లో సరిగ్గా దసరా రోజున ఆయనకి నడుం పట్టేసింది. మర్నాడు పొద్దున్నే నారాయణగూడ ఫంక్షన్ హాల్లో పెళ్లి. పండగ పూట ఇంకెవరూ దొరకలేదు. కెమెరా బ్యాగు నాకిస్తూ, "జీలకర్ర బెల్లం ఫొటో బాగా వచ్చిందా, ఇకమీదట పెళ్లిళ్లకి నువ్వే. పోయిందా, మళ్లీ నా దగ్గర కెమెరా మాటెత్తకు" అన్నారు.

బ్యాగు ఇంట్లో పెట్టి స్నానానికి వెళ్లొచ్చేసరికి మా అత్తమ్మ ఆయుధ పూజ ముగించేసింది. ఇంట్లో కత్తిపీటకీ కుట్టు మిషన్‌కీ చేసినట్టే కెమెరాకీ పసుపు, కుంకుమ, గంధం, బంతిపువ్వు. కాదనడానికి నాకూ మనసు రాలేదు. నా చేతికొచ్చిన మొదటి కెమెరా అది. దణ్ణం పెట్టుకుని, పైపైన తుడిచి సర్దేశాను.

పొద్దున హాల్లో ఫ్లాష్ ఎక్కించబోతే సగం దాకా వెళ్లి ఆగిపోయింది. తీసి చూద్దును కదా, హాట్ షూ నిండా గంధం గట్టిగా ఎండిపోయి ఉంది, పైన కుంకుమ! వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"అత్తమ్మా, కెమెరా నెత్తిల ఏం పెట్టినవ్?"

"బొట్టు పెట్టిన బిడ్డా. నొసటికి బొట్టు లేకుంట పూజేంది? ఆడ గుంతలెక్క ఉండె, గంధం మంచిగ నిలవడ్డది."

పిన్నీసుతో గీకాను. పైపెంకు రాలింది గానీ చుక్కలు బయటపడలేదు. అవతల వధూవరుల మధ్య తెర పట్టేశారు. నాకు ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్లు ఎదురుచూసింది గంధానికి బలి ఇవ్వడానికా అని కోపం కూడా వచ్చింది.

ఆ కోపంలోనే బుర్ర పనిచేసింది. మా పెద్ద ఫ్లాష్‌కి ఇంకో పద్ధతి ఉంది: దగ్గర్లో వేరే ఫ్లాష్ వెలిగితే చూసి తనూ వెలుగుతుంది. కెమెరాకి సొంతంగా చిన్న ఫ్లాష్ ఉండనే ఉంది. అంటే పెద్దదానికి కబురు అక్కర్లేదు, నిలబడ్డానికి చోటుంటే చాలు. వీడియో అతని దగ్గరికి పరిగెత్తాను.

"అన్నా, కోల్డ్ షూ ఉన్నదా?"

"గదేందక్కా?"

"అరే, లైటు కూసోబెట్టే గాడి!"

"గట్ల చెప్పు మరి" అని తన లైట్ ఒకటి పీకి స్టాండ్ నా చేతిలో పెట్టాడు.

ఫ్లాష్‌ని అందులోకి తోసి, స్టాండ్‌ని మండపం పక్కన నిలబెట్టి బటన్ నొక్కాను. వెలిగింది! ఎగిరి గంతేసినంత పని చేశాను. కానీ ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఎవరో పెద్దాయన తన కెమెరాతో క్లిక్కుమనిపిస్తే దానికీ నా ఫ్లాష్ వెలిగిపోయింది. ఒకసారి వెలిగితే మళ్లీ పుంజుకోవడానికి దానికి కొంచెం సమయం పడుతుంది. ముహూర్తం వేళ చుట్టాలందరూ ఒక్కసారే నొక్కుతారు. అసలు క్షణానికి నా ఫ్లాష్ చల్లబడి ఉంటుంది.

ఇంకేం ఆలోచించలేదు. కుర్చీ ఎక్కాను.

"ఆగుండ్రి! అందరు ఫ్లాష్‌లు బంద్ జెయ్యిండ్రి! జీలకర్ర బెల్లం అయ్యేదాక ఒక్కరు గూడ కొట్టొద్దు! ఓ పెద్దనాయినా, మీకే చెప్తున్న, జర పక్కకు జరుగుండ్రి!"

ఎత్తిన కెమెరాలన్నీ కిందికి దిగాయి. పంతులు గారు మంత్రం మధ్యలో ఆపి నావంక చూసి, ఎందుకైనా మంచిదని తనూ ఒకడుగు వెనక్కి జరిగారు. సన్నాయి అతను నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు. మరుక్షణం గట్టిమేళం. వధూవరుల చేతులు ఒకరి తల మీదికి ఒకరివి వెళ్లాయి. నొక్కాను.

ఎప్పుడూ ఎదురుగా కొట్టే ఫ్లాష్‌తో మా స్టూడియో ఫొటోల్లో మొహాలు సున్నం కొట్టినట్టుండేవి. పక్క నుంచి పడిన ఈ వెలుగులో పెళ్లికూతురి రెప్పల మీద తడి కూడా కనబడింది. అంత బాగా వస్తుందని నేనే అనుకోలేదు.

అత్తమ్మని దులిపేద్దామని దారంతా మాటలు పేర్చుకుంటూ ఇంటికొచ్చాను. ఆవిడ కెమెరా వెనకాల బొమ్మ చూసి, "చూస్తివా? బొట్టు పెట్టబట్టే గింత మంచిగొచ్చింది" అంది. పేర్చుకున్న మాటలన్నీ మర్చిపోయి పగలబడి నవ్వాను. తర్వాత ఇద్దరం కూర్చుని పెన్సిల్ రబ్బరుతో చుక్కలన్నీ మెరిసేదాకా రుద్దాం.

మర్నాడు ఓనరు గారు నడుం పట్టుకునే స్టూడియోకొచ్చి, ఆ ఫొటోని కంప్యూటర్లో పెద్దది చేసి చాలాసేపు చూశారు. "ఫ్లాష్ ఎక్కడ పెట్టావ్?" అన్నారు. "కోల్డ్ షూలో సార్" అన్నాను. "పెళ్లివారు ఫోన్ చేశారు. హాలంతా దద్దరిల్లేలా అరిచావట!" అన్నారు. నేను తల దించుకోలేదు. అవునన్నాను.

అంతలో ఫోన్ మోగింది. కాచిగూడ నుంచి, ఇంకో పెళ్లివారు.

"లేదండీ, నేను రావట్లేదు. మా ఫొటోగ్రాఫర్ వస్తుంది" అన్నారు నావంక చూస్తూ. "మీవాళ్లందరికీ ముందే చెప్పి పెట్టండి. ఆవిడ పక్కకి జరగమంటే జరగాల్సిందే."