బలపం తినే పిల్ల

డెబ్బైల చివర్లో నేను నంద్యాల నుంచి బస్సులో ఆళ్ళగడ్డ దగ్గరి ఒక పల్లెకు పోయి, అక్కడి బడిలో పాఠాలు చెప్పేదాన్ని. రెండో తరగతి పిల్లలతో నా పట్టుదల ఒక్కటే: వాక్యం మొదలుపెడితే ముగించాలి. "మా అమ్మ" అని పలక మీద రాసి వదిలేస్తే ఊరుకునేదాన్ని కాదు. మీ అమ్మ ఏం చేసిందో రాసేదాకా, ఇంటిబెల్లు కొట్టినా కదలనిచ్చేదాన్ని కాదు. కోపం నాకు ముక్కు మీదే ఉండేది.

ఒక పిల్ల మాత్రం ఎప్పుడూ రెండు మాటల దగ్గరే ఆగేది. "బలపం అయిపాయ టీచర్" అనేది. పొద్దున నేనిచ్చిన కొత్త బలపం మధ్యాహ్నానికే ఎట్లా అయిపోతుందో ఆ తెల్లటి పెదాలు చూస్తే తెలిసేది. తిట్టాను. బలపాన్ని దారంతో పలకకు కట్టాను. దారమే మిగిలింది.

చివరికి వాళ్ళమ్మ కూలికి పోతూ పోతూ బడికి వచ్చింది.

"మీరు బలపాలు ఇస్తాండారు, అది తింటాంది. కడుపునొప్పని పొర్లాడతాంది. మా ఇంట్లో మన్ను తినేటోళ్ళు ఎవురూ లేరు టీచరమ్మా. ఇంక నాతోపాటు చేనికి తోలుకపోతా."

నాకు భయం పట్టుకుంది. ఆ బడిలో చేనికి పోయిన ఆడపిల్ల మళ్ళీ పలక పట్టింది లేదు. "ఇంక బలపమే ఇవ్వను, ఉండమ్మా" అని బడి ముందరి ఇసుకలో పిల్లను కూర్చోబెట్టాను. వేలితో రాయమన్నాను. వాక్యం మొత్తం రాయాలన్నాను.

రాసింది. తడుముకోకుండా, చివరిదాకా.

"మా అమ్మ పొద్దున మన్ను తినింది."

తల్లికి చదువు రాదు. "ఏం రాసింది?" అని అడిగింది.

ఆమె పెదాల వైపు చూడలేకపోయాను. "మా అమ్మ పొద్దున అన్నం తినింది అని రాసింది" అన్నాను.

పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. తల్లి బిడ్డ వైపు తిరిగింది. "పొద్దున నేను యాడ తిన్యా? అబద్ధాలు రాస్తాండావా?" అని వీపు మీద ఒకటి వేసింది. పిల్ల ఏడవలేదు, నా వైపు చూసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"సరే, ఈడనే ఉండనీలే. నిజం రాసేది నేర్పియ్యి టీచరమ్మా" అని తల్లి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు పిల్ల వచ్చింది. ఇసుక చదును చేసి ఇచ్చాను. "మా అమ్మ" అని రాసి ఆగిపోయింది. ముగించమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.